పెద్ద ట్రైనింగ్ సంస్థలు నగరంలోనే, ఊరి వంతు మాత్రం చివర్లో

1952 అక్టోబర్ 2న సమాజాభివృద్ధి పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం దగ్గర శిస్తు వసూలు చేయడం, కేసులు పెట్టడం తెలిసిన సిబ్బంది ఉన్నారు. ఊళ్లో రైతు పక్కన కూర్చుని మాట్లాడగలిగేవాళ్లు మాత్రం తక్కువ. బీడీఓ (బ్లాకు అభివృద్ధి అధికారి), గ్రామసేవక్ (ఊరి స్థాయి కార్యకర్త) లాంటి కొత్త ఉద్యోగాలు పుట్టాయి, వాటితోపాటే శిక్షణ అవసరమూ వచ్చింది. అలా 1958లో ముస్సోరీలో మొదలైన కేంద్ర సంస్థ 1965లో హైదరాబాద్ చేరింది. రాజేంద్రనగర్‌లో మనం ఎన్ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) అంటున్నది అదే. 1977లో ఆ పేరొచ్చింది, తర్వాత దానికి పంచాయతీరాజ్ కూడా జత కలిసింది.

అప్పటికే ఇక్కడ నేల సిద్ధంగా ఉంది. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో చెప్పిన మూడంచెల (ఊరు, బ్లాకు, జిల్లా) పంచాయతీరాజ్ వ్యవస్థను రాజస్థాన్ తర్వాత 1959లోనే అందుకున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పెద్ద అధికారులకు, కంపెనీల మేనేజర్లకు హైదరాబాద్ బెల్లావిస్టా భవనంలో ‘ఆస్కి’ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) ఉంది, అది 1956లోనే పుట్టింది. మున్సిపాలిటీల వారికి 1970లో ఉస్మానియాలో ప్రాంతీయ కేంద్రం, రాష్ట్ర ఉద్యోగులకు 1976లో మరో సంస్థ వచ్చాయి. ఆ రెండోదే ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి పేరుతో నడుస్తోంది. ఈ వరుసలో ఊరి స్థాయి మనిషికి దక్కిన చోటు చిన్నది.

ఇందుకో కారణం ఉంది, దాని గురించి పెద్దగా మాట్లాడుకోం. ఊరి లెక్కలు, రికార్డులు చాలాకాలం కరణాలు, పట్వారీల ఇళ్లల్లో ఉండేవి. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునేవాడు. అందులో అన్యాయం బోలెడు, 1980ల మధ్యలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేయడం సబబే. కానీ ఇంట్లో నడిచిన ఆ చదువు స్థానంలో సర్కారు చెప్పాల్సిన చదువు అంత త్వరగా రాలేదు. కొంతకాలానికే పంచాయతీ సమితులు పోయి మండలాలొచ్చాయి, ఆఫీసుల బోర్డులు మారాయి.

పంచాయతీలకు, మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 1992 నాటి 73, 74వ సవరణలతో లెక్క మారిపోయింది. మహిళలకు మూడో వంతు సీట్లు, ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు రావడంతో ఎన్నడూ ఆఫీసు మెట్లెక్కనివాళ్లు వేలల్లో గెలిచారు. అంతమందిని రాజేంద్రనగర్‌కు పిలవడం కుదిరే పని కాదు. అందుకే రాష్ట్ర స్థాయి శిక్షణ సంస్థ కొందరు ట్రైనర్లను తయారు చేయడం, వాళ్లు జిల్లాల్లో, మండలాల్లో చెప్పడం అనే పద్ధతి వచ్చింది. మజ్జిగలో మళ్లీ మళ్లీ నీళ్లు కలిపినట్టు, ఊరికి చేరేసరికి అది చాలాసార్లు పల్చబడిపోతుంది. మహిళా సర్పంచ్ కోసం పెట్టిన క్లాసులో ఆమె భర్త కూర్చోవడం మరో జబ్బు.

తెలంగాణలో అసలు టెన్షన్ 2018 పంచాయతీరాజ్ చట్టంతో మొదలైంది. తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి, మొత్తం సంఖ్య 12,700 దాటింది. చాలా ఊళ్లకు కార్యదర్శే లేడు. అదే ఏడాది 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. డిగ్రీ చదివి వచ్చిన ఆ కుర్రాళ్లు, అమ్మాయిల మీద నర్సరీ, ఇంటిపన్ను, జనన మరణాల నమోదు, చెత్త ట్రాక్టరు అన్నీ పడ్డాయి. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతమైనా బతకకపోతే ఉద్యోగానికే ఎసరు. చెక్కు మీద సంతకాలేమో సర్పంచ్, ఉపసర్పంచ్‌లవి. బిల్లులు, క్యాష్‌బుక్ రాసేది, ఆడిట్ అభ్యంతరాలకు తిప్పలు పడేది కార్యదర్శి. సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ పడని ఊళ్లో ఏం చేయాలో చట్టం సెక్షన్లు చదివిస్తే తెలియదు. అనుభవమున్న మరో కార్యదర్శి వెంట కొన్ని నెలలు తిరిగితే తెలుస్తుంది. మన శిక్షణలో ఇప్పటికీ తక్కువ పడుతున్నది అదేనని నా అభిప్రాయం.

2020లో కేంద్రం ‘మిషన్ కర్మయోగి’ తెచ్చి ఆన్‌లైన్ కోర్సులు పెట్టింది. ఫోన్‌లో వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, నిబంధనలు తెలుసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. గ్రామసభలో గొడవైతే సర్దిచెప్పడం మాత్రం అందులో దొరకదు.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఐదేళ్లలో ఎంతోకొంత నేర్చుకున్న సర్పంచులు ఇంటికి వెళ్లిపోయారు. వాళ్లలో పనిమంతులను కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాళ్లుగా పిలవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.