ఫార్ములా ఛాంపియన్లు, క్రీడాస్ఫూర్తి: అపోహలు - వాస్తవాలు

నేను ఫార్ములా రేసుల్లో స్టీవార్డుగా పనిచేస్తాను. టీవీలో వచ్చే ఫార్ములా వన్ లాంటి పెద్ద రేసుల్లో కాదు, చిన్న కార్ట్ బళ్ల రేసులు దాటి మొదటిసారి సింగిల్ సీటర్, అంటే ఒక్కరే కూర్చునే రేసు కారు, ఎక్కే కుర్రాళ్ల రేసుల్లో. రెండు కార్లు తగులుకుంటే తప్పెవరిది, పెనాల్టీ వేయాలా వద్దా అని తేల్చేది మేమే. విచారణకు పిలిస్తే పదహారేళ్ల కుర్రాడు కూడా ఫార్ములా వన్ ఛాంపియన్ల పేర్లెత్తి, సెన్నా అలా చేయలేదా, షూమాకర్ ఇలా చేయలేదా అని మొదలుపెడతాడు. పాపం, ఆ కథలు వాడికి సగమే తెలుసు. అభిమానుల వాదనలు కూడా ఎక్కువగా ఆ సగం కథల మీదే నడుస్తుంటాయి. నాకు తరచూ వినిపించే అపోహలు కొన్ని ఇవీ.

అపోహ: ఛాంపియన్ కావాలంటే కాస్త దౌర్జన్యం తప్పదు. మంచివాళ్లు రెండో స్థానంలోనే ఆగిపోతారు.

వాస్తవం: ఫాంజియో 51 రేసుల్లో 24 గెలిచాడు, ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. జిమ్ క్లార్క్ 72 రేసుల్లో 25 గెలిచాడు. జాకీ స్టీవర్ట్ 99 రేసుల్లో 27 గెలిచి మూడు టైటిళ్లు అందుకున్నాడు. వీళ్లలో ఎవరూ పోటీదారుడిని గుద్ది టైటిల్ తెచ్చుకోలేదు.

గట్టిగా పోరాడటం వేరు, దౌర్జన్యం వేరు. 1979లో డిజాన్ రేసు చివరి ల్యాపులు దొరికితే చూడండి. జిల్ విల్నవ్, రెనే ఆర్నూ రెండో స్థానం కోసం చక్రాలు రాసుకుంటూ, ఒకరినొకరు దాటుకుంటూ, ట్రాక్ అంచులు దాటిపోతూ కొట్లాడారు. ఎదుటివాణ్ణి రేసులోంచి లేపేయాలని మాత్రం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఇద్దరూ చివరిదాకా వెళ్లారు, విల్నవ్ రెండో స్థానంలో, ఆర్నూ మూడో స్థానంలో ముగించారు. ఈనాటి నియమాలతో చూస్తే ఆ ల్యాపుల్లో ఒకట్రెండు చోట్ల నేనూ విచారణ పెడతానేమో. అయినా మా కుర్రాళ్లకు నేను చూపించే వీడియో అదే.

అయితే మంచితనానికి ఒక్కోసారి టైటిలే మూల్యంగా చెల్లించాల్సి వస్తుందన్న మాట నిజం. 1958 పోర్చుగల్ రేసులో మైక్ హాథార్న్ కారు గిర్రున తిరిగి ఆగిపోయింది. దాన్ని మళ్లీ స్టార్ట్ చేయడానికి ట్రాక్‌కి ఎదురు దిశలో నడిపాడని అధికారులు అతని ఫలితాన్ని కొట్టేయబోయారు. అప్పుడు అతని తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చింది స్టిర్లింగ్ మాస్. ఆ ఏడాది టైటిల్ కోసం హాథార్న్‌తో పోటీ పడుతున్నదీ అతనే. ఆ సమయంలో కారు ట్రాక్ మీద లేదు, పక్కనున్న కాలిబాట మీద ఉందని చెప్పాడు. హాథార్న్ రెండో స్థానం నిలిచింది. సీజన్ ముగిసేసరికి హాథార్న్‌కి 42 పాయింట్లు, మాస్‌కి 41. మాస్ ఆ ఏడాది నాలుగు రేసులు గెలిచాడు, హాథార్న్ ఒక్కటే. మాస్ కెరీర్ మొత్తంలో ఛాంపియన్ కాలేదు.

అపోహ: పాత రోజుల్లో అందరూ పెద్దమనుషులే. ఈ గొడవలన్నీ డబ్బు వచ్చాక మొదలయ్యాయి.

వాస్తవం: మాస్ లాంటి వాళ్లున్న మాట నిజమే. 1956లో మోంజాలో పీటర్ కాలిన్స్ తనకు టైటిల్ అవకాశం ఇంకా మిగిలి ఉండగానే పిట్స్‌లో, అంటే కార్లకు మరమ్మతులు చేసే చోట, దిగి తన కారును జట్టు సహచరుడు ఫాంజియోకి ఇచ్చేశాడు. ఫాంజియో నాలుగో టైటిల్ అలా వచ్చింది.

కానీ 1964 మెక్సికో రేసు సంగతేమిటి? టైటిల్ పోటీలో ఉన్న గ్రాహం హిల్‌ని ఫెరారీ డ్రైవర్ బాండినీ హెయిర్‌పిన్ మలుపులో గుద్దాడు. చివర్లో అదే బాండినీ తన జట్టు సహచరుడు సర్టీస్‌కి రెండో స్థానం వదిలిపెట్టాడు. సర్టీస్ ఒక్క పాయింట్ తేడాతో, 40 - 39తో, ఛాంపియన్ అయ్యాడు. బాండినీ కావాలని గుద్దాడని నేననను. ఒక్కటి మాత్రం చెప్పగలను: ఆ రోజుల్లో కార్లు తగులుకుంటే ప్రాణం పోయేది. డ్రైవర్ చుట్టూ పెట్రోలు ట్యాంకులు, ట్రాక్ పక్కన చెట్లు, ఇళ్లు. ఆనాటి మర్యాదలో సగం గుణమైతే సగం భయం. కార్లు భద్రంగా మారాక ఆ భయం చేసే పని నియమాల మీద, మా మీద పడింది.

అపోహ: సందు కనిపిస్తే దూరాల్సిందే, అదే రేసింగ్ ధర్మమని సెన్నాయే చెప్పాడు.

వాస్తవం: చెప్పాడు. ఎప్పుడు, దేని గురించి చెప్పాడో తెలియకపోవడమే చిక్కు.

1989లో జపాన్‌లోని సుజుకా రేసులో చికేన్ (వేగం తగ్గించే వంకర మలుపులు) దగ్గర ప్రోస్ట్, సెన్నా కార్లు తగులుకుని ఆగిపోయాయి. సెన్నా ట్రాక్ సిబ్బంది అయిన మార్షళ్లతో తోయించుకుని మళ్లీ బయల్దేరి రేసు గెలిచాడు. కానీ చికేన్‌ని పూర్తిగా తిరగకుండా దాటాడని అతన్ని డిస్‌క్వాలిఫై చేశారు, టైటిల్ ప్రోస్ట్‌కి వెళ్లింది. మరుసటి ఏడాది అదే సుజుకాలో సెన్నాకి పోల్ పొజిషన్, అంటే స్టార్ట్‌లో మొదటి స్థానం, వచ్చింది. అది ట్రాక్‌లో దుమ్ముపట్టిన వైపు ఉందని, మార్చమని అడిగాడు. మార్చలేదు. స్టార్ట్‌లో ప్రోస్ట్ ముందుకు దూసుకుపోయాడు, మొదటి కార్నర్‌లో సెన్నా అతన్ని గుద్దాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు, పాయింట్లలో ముందున్న సెన్నాదే టైటిల్. ఆ తర్వాతి రేసు దగ్గర జాకీ స్టీవర్ట్ అతన్ని కూర్చోబెట్టి నిలదీస్తే వచ్చిన జవాబే ఈ సందు మాట. ఏడాది తిరిగాక, 1991లో మూడో టైటిల్ గెలిచిన రోజున, ఆ గుద్దడం కావాలని చేసిందేనని సెన్నాయే ఒప్పుకున్నాడు. అంటే ఆ మాట పుట్టింది రేసింగ్ ధర్మం చెప్పడానికి కాదు, ఓ తప్పును కప్పిపుచ్చడానికి. దాన్ని గోడ మీద అంటించుకున్న కుర్రాళ్లకు నేను ఇది తప్పకుండా చెబుతాను.

దీని పక్కన 1997 హెరెజ్ రేసు పెట్టి చూడండి. 48వ ల్యాప్‌లో జాక్ విల్నవ్ లోపలి వైపు నుంచి దూరాడు. షూమాకర్ స్టీరింగ్ అతని మీదికి తిప్పాడు. విల్నవ్ కారుకి దెబ్బ తగిలినా మూడో స్థానంలో ముగించి ఛాంపియన్ అయ్యాడు, షూమాకర్ ఇసుకలో ఆగిపోయాడు. ఆ రోజు స్టీవార్డులు రేసులో సహజంగా జరిగిన ఘటన అని వదిలేశారు. తర్వాత ఈ రేసులను నియంత్రించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ విచారణ జరిపి, కావాలని చేసిందే గానీ ముందే అనుకుని చేసింది కాదు, ఆ క్షణంలో అప్పటికప్పుడు జరిగిన తప్పు అని తేల్చింది. షూమాకర్ పేరు ఆ సీజన్ ఛాంపియన్‌షిప్ పట్టికలోంచి తీసేసింది.

నా లెక్కలో సుజుకా 1990 ఇంతకంటే పెద్ద తప్పు. కారణం చెబుతాను. ఏ ఘటన వీడియోనైనా మేము ముందు మామూలు వేగంలోనే చూస్తాం. స్లో మోషన్‌లో ప్రతి పొరపాటూ పన్నాగంలాగే కనిపిస్తుంది, డ్రైవర్‌కి దొరికిన సమయం అందులో పావు వంతు కూడా ఉండదు. ఆ తర్వాతే డేటా తెరుస్తాం. బ్రేక్ ఎక్కడ పడింది, యాక్సిలరేటర్ మీంచి కాలు ఎప్పుడు తీశాడు, స్టీరింగ్ ఏ క్షణాన ఎటు తిరిగింది. బ్రేక్ లేటుగా వేసి జారిపోయినవాడి గ్రాఫ్‌లో తప్పించుకోవాలన్న తాపత్రయం కనిపిస్తుంది. మీద పడాలనుకున్నవాడి గ్రాఫ్‌లో అది ఉండదు. హెరెజ్‌లో ఓ మనిషి ఒత్తిడిలో కట్టు తప్పాడు. సుజుకాలో ఓ మనిషి స్టార్ట్ లైట్లు పడకముందే నిర్ణయం తీసుకుని కూర్చున్నాడు. అయినా పట్టికలోంచి పేరు పోయింది షూమాకర్‌ది, టైటిల్ మిగిలింది సెన్నాకి. ఒకరిని మోసగాడిగా, మరొకరిని దేవుడిగా చూసే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అదే సెన్నా 1992లో స్పా ప్రాక్టీసులో ఎరిక్ కోమాస్ కారు గోడకు కొట్టుకుంటే తన కారు ఆపి, ట్రాక్ మీద పరిగెత్తుకెళ్లి, ఆ కారు ఇంజన్ ఆపేశాడు. ఇదీ సెన్నాయే, అదీ సెన్నాయే. మనిషికి ఒకే మార్కు వేయాలనుకోవడం వల్లే మన వాదనలు తెగవు.

అపోహ: ఎవరికి నష్టం జరిగిందో చూసి పెనాల్టీ వేస్తారు.

వాస్తవం: మేము చూసేది చేసిన పనిని, పర్యవసానాన్ని కాదు. 2021 సిల్వర్‌స్టోన్ మొదటి ల్యాప్‌లో వెర్‌స్టాపెన్ గోడకు కొట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. తప్పు ప్రధానంగా హామిల్టన్‌దేనని తేల్చి పది సెకన్ల పెనాల్టీ వేశారు, అతను రేసు గెలిచేశాడు. చాలామందికి ఇది అన్యాయంగా తోచింది. కానీ అలాంటి తప్పుకి పది సెకన్లే సరైతే, ఎదుటివాడు గోడకు తగిలినా, క్షేమంగా తిరిగొచ్చినా పది సెకన్లే. దెబ్బ తీవ్రతను బట్టి శిక్ష వేస్తే అదృష్టానికి శిక్ష వేసినట్టే. అదే ఏడాది మోంజాలో ఇద్దరూ ఆగిపోయిన ఘటనలో తప్పు వెర్‌స్టాపెన్‌ది ఎక్కువని తర్వాతి రేసు స్టార్ట్ వరుసలో (గ్రిడ్) అతన్ని మూడు స్థానాలు వెనక్కి జరిపారు.

పాత కక్షలు పనిచేస్తాయన్న అనుమానం కూడా ఉంది. 2010 మొనాకోలో సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగినప్పుడు ముందు నడిచి అందరి వేగం తగ్గించే కారు) నియమం మీద షూమాకర్‌కి పెనాల్టీ పడినప్పుడు స్టీవార్డుల్లో డేమన్ హిల్ ఉన్నాడు. 1994 అడిలైడ్‌లో షూమాకర్‌తో కారు తగిలి ఒక్క పాయింట్‌తో టైటిల్ పోగొట్టుకున్న హిల్. నిర్ణయం ఒక్కరిది కాదు, అది స్టీవార్డులందరిదీ. అయినా అనుమానం ఎందుకొస్తుందో నాకర్థమవుతుంది. నా వరకు నాకు తెలిసిన కుటుంబం కుర్రాడి కేసొస్తే నేను పక్కకు తప్పుకుంటాను.

అపోహ: టైటిళ్ల లెక్కే గొప్పతనం లెక్క.

వాస్తవం: 1988లో అన్ని రేసులూ కలిపితే ప్రోస్ట్‌కి 105 పాయింట్లు, సెన్నాకి 94. అప్పటి నియమం ప్రకారం మేటి 11 ఫలితాలే లెక్క కాబట్టి 90 - 87తో సెన్నా ఛాంపియన్. 1984లో ప్రోస్ట్ అర పాయింట్ తేడాతో లౌడా చేతిలో ఓడాడు. వాన వల్ల మధ్యలో ఆపేసిన మొనాకో రేసుకి సగం పాయింట్లే ఇచ్చారు, దాన్ని గెలిచింది ప్రోస్టే. ఇలాంటి లెక్కలతో ఏడు టైటిళ్లు పెద్దా, ఐదు పెద్దా అని తేల్చడం నాకు పొసగదు.

అపోహ: 2021 టైటిల్ వెర్‌స్టాపెన్ దొంగిలించాడు.

వాస్తవం: చివరి రేసు జరిగిన అబుదాబికి వెర్‌స్టాపెన్, హామిల్టన్ సమానంగా 369.5 పాయింట్లతో వచ్చారు. చివర్లో సేఫ్టీ కార్ వెనక ఒక ల్యాప్ వెనకబడిన కార్లన్నిటినీ కాకుండా, ఇద్దరి మధ్య ఉన్న ఐదింటిని మాత్రమే ముందుకు పంపింది రేస్ డైరెక్టర్. అది మానవ తప్పిదమని ఎఫ్ఐఏ నివేదికే తర్వాత చెప్పింది. వెర్‌స్టాపెన్ తన ముందు పెట్టిన ఒక్క ల్యాప్ రేసును నడిపి గెలిచాడు, అంతే. తప్పు మా వైపుది, అంటే అధికారులది. అది డ్రైవర్ ఖాతాలో వేయడం నాకు నచ్చదు. ఆ సాయంత్రం హామిల్టన్ నేరుగా వెళ్లి అతన్ని అభినందించాడు. ఎనిమిదో టైటిల్ చివరి ల్యాప్‌లో చేజారిన మనిషి. క్రీడాస్ఫూర్తి మీద మాట్లాడమంటే నేను మాస్ తర్వాత చెప్పేది ఈ సంగతే.

వెర్‌స్టాపెన్ తప్పులు వేరే ఉన్నాయి. 2025 స్పెయిన్ రేసు చివర్లో రస్సెల్ కారుని తాకినందుకు పది సెకన్లు, మూడు పెనాల్టీ పాయింట్లు పడ్డాయి. పన్నెండు నెలల్లో 12 అయితే ఒక రేసు నిషేధం, అతను 11 దగ్గర ఆగాడు. మరుసటి రోజే అది సరైన పని కాదని, జరగకూడదని బహిరంగంగా రాశాడు. సెన్నాకి ఆ మాట చెప్పడానికి ఏడాది పట్టింది. విచారణ గదిలో నా ముందు కూర్చున్న కుర్రాడు డేటా తెరవకముందే తప్పు తనదని ఒప్పుకుంటే, నియమం అనుమతించిన మేరకు ఆ సంగతి నేను లెక్కలోకి తీసుకుంటాను.