ఇసుక తిన్నె లెక్క వేరు

మక్తల్

కృష్ణ ఒడ్డు పిల్లలకు,

ఎగువన గేట్లు ఎత్తినా దించినా దిగువన అంతరించిపోతున్న జీవాలకు ఏమవుతుందో లెక్క కట్టేదెట్లా అని అడిగారు. మన నదినే తీసుకుందాం. తంగిడి దగ్గర భీమ కలిశాక కొంత దూరం కృష్ణకు ఒక ఒడ్డు రాయచూరు జిల్లాది, ఇంకో ఒడ్డు నారాయణపేట జిల్లాది. కురువాపురం గుడి ఉన్న దీవి రాయచూరు వైపుది, దానికి మన నారాయణపేట ఒడ్డు నుంచి పుట్టిలో పోతారు. నది నడుమ ఉన్న ఇసుక తిన్నెలు మాత్రం ఎవరి ఫైల్లోనూ సరిగ్గా పడవు.

ముందు ఏ జీవాన్ని లెక్క పెడుతున్నామో తేల్చుకోవాలి. లీత్ మెత్తచిప్ప తాబేలు మన దక్షిణాది నదులకే ప్రత్యేకం. ప్రపంచ జాబితాలో అది అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి వరుసలో ఉంది. కానీ నీళ్లలో దాన్ని లెక్కించడం పెద్దవాళ్లకే కష్టం, కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టొద్దు. మొసలి, రివర్ టెర్న్ పిట్ట (పసుపు ముక్కు, నల్ల నెత్తి) మీకు పనికొస్తాయి. రెండూ ఎండాకాలం తిన్నె మీద గుడ్లు పెడతాయి. మొసలి ఫిబ్రవరి, ఏప్రిల్ నడుమ ఇసుక తవ్వి పెడుతుంది, పిల్లలు బయటికి రావడానికి రెండు నెలలు పడుతుంది. పిట్టకు మూడు, నాలుగు వారాలు చాలు.

అసలు చిక్కు ఇక్కడే. ప్రభుత్వాలు నీళ్లను ఏడాదికి ఇన్ని టీఎంసీలని లెక్కేస్తాయి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. దాన్ని 24 గంటల్లో వదిలితే 11,574 క్యూసెక్కులు (అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు), ఎనిమిది గంటల్లోనే వదిలితే 34,722. రిజిస్టర్‌లో రెండూ ఒకటే టీఎంసీ. తిన్నె మీద మాత్రం మొదటిది అంచు తడిపి పోవచ్చు, రెండోది గూడు ముంచొచ్చు. గుడ్డు పెంకు సన్నని రంధ్రాల గుండా గాలి పీలుస్తుంది. నీళ్లలో మునిగితే లోపలి పిల్లకు ఊపిరాడదు. యాభయ్యో రోజున మునిగిన గూటిని మళ్లీ పెట్టించలేం.

నీళ్లు తగ్గినా ముప్పే. పాయ ఎండి తిన్నె ఒడ్డుకు అతుక్కుంటే కుక్కలు, అడవిపందులు నడిచొచ్చి గుడ్లు తింటాయి, మేకలు తొక్కుతాయి. కాబట్టి ‘నీళ్లు ఎక్కువైతే మేలు’ అనే మాట నమ్మకండి. ఒక్కో తిన్నెకు రెండు గీతలు కావాలి: గూడు తడిసే మట్టం ఒకటి, పాయ ఎండిపోయే మట్టం ఇంకొకటి.

ఆ గీతలు కొలవడానికి మేస్త్రీలు నీళ్లు నింపి వాడే వాటర్ లెవెల్ పైపు చాలు. జనవరిలోనే, గుడ్లు పెట్టకముందే, అటవీ సిబ్బంది వెంట ఉంటే కొలవండి. పైపులో బుడగ నిలిస్తే కొలత తప్పు వస్తుంది, ఊది బయటికి పంపాలి. తిన్నె నెత్తి నీటికన్నా నాలుగడుగులు పైన ఉందనుకోండి. మొసలి గుడ్లు ఒకటిన్నర అడుగు లోతున ఉంటే మిగిలేది రెండున్నర అడుగులే. ఈ తీసివేత మరిచిపోయి, తిన్నె మునగలేదు కదా అని గూడు భద్రమని రాసేస్తుంటారు. గుడ్లు పెట్టాక తిన్నె ఎక్కొద్దు. పిట్ట లేచిపోతే మిట్టమధ్యాహ్నం ఎండకు గుడ్డు ఉడికిపోతుంది, మొసలి సంగతి చెప్పనక్కర్లేదు.

తర్వాత రేవు మెట్టు మీద రంగుతో అడుగులు గీసి, ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి మట్టం రాయండి. దాని పక్క గడుల్లో ఎగువనున్న నారాయణపూర్ డ్యామ్ నుంచి వదిలిన క్యూసెక్కులు, దిగువనున్న జూరాల డ్యామ్ మట్టం రాయండి. జూరాల నిండితే నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. తిన్నె మునిగింది ఎగువ విడుదల వల్లనా, దిగువ నిల్వ వల్లనా అన్నది ఈ రెండు గడులు పక్కపక్కన పెట్టనిదే తేలదు. నెల సగటు అసలు వద్దు. 29 రోజులు మామూలుగా ఉండి ఒక్క పూట మునిగితే సగటులో ఆ పూట కనబడదు.

రాయచూరు వైపు పిల్లలతో గడియారం కలుపుకోండి. ఒకే పిట్టను రెండు ఒడ్ల నుంచీ లెక్కపెడితే సంఖ్య రెట్టింపవుతుంది, ఒకే గంటలో లెక్కపెట్టి తిన్నె తిన్నెకూ పోల్చుకుంటే ఆ తప్పు పోతుంది. చూసినరోజు కనబడలేదంటే లేదని రాయకండి, ‘కనబడలేదు’ అనే రాయండి.

ఒక్కో ప్రాజెక్టు కాగితం ‘మా వాటా ప్రభావం స్వల్పం’ అంటుంది. ఆల్మట్టి డ్యామ్, నారాయణపూర్, శక్తినగర్ థర్మల్ కేంద్రం, ఎత్తిపోతలు, జూరాల, ఇసుక తవ్వకాలు అన్నీ కలిపితేనే తిన్నెకు తగిలే దెబ్బ తెలుస్తుంది. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచే బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో నదిలో కనీస ప్రవాహానికి మహారాష్ట్రకు 3, కర్ణాటకకు 7, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 6, మొత్తం 16 టీఎంసీలు పెట్టింది. ఏడాదంతా సమానంగా పారిస్తే అది సుమారు 507 క్యూసెక్కులు. ఏ నెలలో ఎంత అన్నదే జీవాలకు కావలసిన ప్రశ్న. మీ రిజిస్టర్‌లో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఉన్న పేజీలు దానికి పనికొస్తాయి. ఒక నకలు అటవీ శాఖకు, ఒకటి కృష్ణా నది యాజమాన్య బోర్డుకు పంపండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.

మీ
పెద్దయ్య