హాఫ్ మ్యాచ్ మూలుగ మార్పిడి: కీలకం 3వ, 4వ రోజులే

దాతకూ రోగికీ పొంతన చూసేది హెచ్‌ఎల్‌ఏ జన్యువులతో (కణాల మీద ‘ఇది నాది’ అనే గుర్తులను తయారుచేసేవి). ఇవి 6వ క్రోమోజోము మీద గుత్తిగా ఉంటాయి. తల్లి నుంచి ఒక గుత్తి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. తోడబుట్టినవాళ్లలో ఒకరితో రెండూ కలిసే అవకాశం 25 శాతమే. కన్నవాళ్లతో, కన్నబిడ్డలతో ఒక గుత్తి ఎలాగూ కలుస్తుంది. అంటే సగం పొంతన ఉన్న దాత చాలామందికి ఇంట్లోనే ఉంటారు.

మరి భయమెందుకు? దాత టి-కణాలకు (రోగనిరోధక తెల్ల రక్తకణాలు) రోగి శరీరం పరాయిది. చర్మం, పేగులు, కాలేయం మీద పడతాయి, ఇదే జీవీహెచ్‌డీ. పోనీ టి-కణాలను ముందే తీసేస్తే, కొత్త మూలుగ నాటుకోకపోవచ్చు, ఇన్ఫెక్షన్లూ చుట్టుముడతాయి.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు దీనికి మందును ఇచ్చే వేళలో విరుగుడు పట్టుకున్నారు. దాత కణాలు ఎక్కించిన రోజు 0 అనుకుంటే, 3వ, 4వ రోజుల్లో రోజుకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తారు. 60 కిలోల మనిషికి రోజుకు 3 గ్రాములు. అప్పటికి రెచ్చిపోయిన టి-కణాలు జోరుగా విభజన చెందుతుంటాయి, దెబ్బ వాటికే గట్టిగా తగులుతుంది. రక్తాన్ని తయారుచేసే మూలకణాల్లో ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ ఎంజైము దండిగా ఉండి మందును విరిచేస్తుంది, అవి బతికిపోతాయి. రెచ్చిన కణాలన్నీ చచ్చిపోతాయని కాదు. మిగిలినవాటికి చేవ తగ్గుతుంది, వాటిని అదుపు చేసే నియంత్రక టి-కణాలు త్వరగా కోలుకుంటాయి.

తొలి రెండు మూడు రోజుల్లో కాసే జ్వరం దగ్గర వైద్యుల చెయ్యి తొందరపడుతుంది. యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే. స్టెరాయిడ్‌ మాత్రం వీలైనంతవరకూ వద్దు: టి-కణాల విభజన ఆగితే మందుకు అవి దొరకవు. రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్, మైకోఫినోలేట్‌లను 5వ రోజు దాకా ఆపడమూ ఇందుకే. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయాన్ని ఒరిపిడి చేసి రక్తం పడేలా చేస్తుంది కనుక సెలైన్‌తో పాటు మూత్రాశయాన్ని కాపాడే మెస్నా అనే మందు ఇస్తారు.

దాతను ఎంచే ముందు ఒక పరీక్ష తప్పనిసరి: దాత హెచ్‌ఎల్‌ఏ మీద రోగి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా? గర్భం దాల్చిన స్త్రీలలో బిడ్డ కణాల మీద ఇవి తయారై ఉండొచ్చు. రోగి తల్లి అయితే, ఆ బిడ్డ మూలుగ ఆమెకు నాటుకోకపోవచ్చు.

జబ్బు తిరగబెట్టినప్పుడు ల్యుకీమియా (రక్త క్యాన్సర్) కణాలదీ ఒక ఎత్తుగడ ఉంది. దాత టి-కణాలు ఏ గుత్తిని చూసి పరాయి అని గుర్తుపడతాయో, ఆ గుత్తినే క్యాన్సర్ కణాలు వదిలించుకుంటాయి. అప్పుడు అదే దాత లింఫోసైట్లు (టి-కణాలు ఉండే తెల్ల రక్తకణాలు) మళ్లీ ఎక్కించినా పెద్దగా పని ఉండదు. మొదటిసారి తల్లి ఇచ్చి ఉంటే, క్యాన్సర్ కణం తండ్రి గుత్తిని పోగొట్టుకుని తల్లిదే మిగుల్చుకుంటుంది. రెండోసారి తండ్రి దాత కావచ్చు. ఆయన టి-కణాలకు ఆ మిగిలిన గుత్తి పరాయిదే.