రొయ్యలు పడనివారు కీచురాళ్ల పిండి తినవచ్చా? తినదగిన కీటకాలపై అపోహలు - వాస్తవాలు

తినదగిన కీటకాలతో తయారయ్యే ఆహారాల భద్రతను పరీక్షించే పనిలో నాకు పదేపదే వినిపించే మాట ఒకటుంది: "రొయ్యలు పడకపోతేనేం, ఇది రొయ్య కాదు కదా!" ఈ రంగంలో ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ మరొకటి లేదు.

అపోహ: కీటకాలను ఉడికించి, ఎండబెట్టి, పొడి చేస్తారు కనుక అందులో అలర్జీ కలిగించేదేదీ మిగలదు.

వాస్తవం: రొయ్యలు, పీతలు, కీటకాలు అన్నీ సంధిపాద జీవులే. వాటి కండరాల్లోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ నిర్మాణంలో ఎంత పోలిక ఉంటుందంటే, రొయ్యను శత్రువుగా గుర్తుపెట్టుకున్న రోగనిరోధక వ్యవస్థ కీచురాయిని చూసి కూడా అలాగే తిరగబడవచ్చు. ఈ ప్రోటీన్ వేడిని తట్టుకుంటుంది కాబట్టి ఉడికించినంత మాత్రాన ముప్పు తొలగిందని అనుకోవడానికి వీల్లేదు. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు పడనివారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఐరోపా సమాఖ్య 2021లో ఎండు మీల్‌వార్మ్‌ను (ఒక రకం పెంకుపురుగు లార్వాను) ఆహారంగా అనుమతించినప్పుడే ఈ హెచ్చరిక ప్యాకెట్ మీద ఉండాలని షరతు విధించింది.

రుచి పరీక్షకు వచ్చిన ఒకావిడ ఫారంలో అలర్జీలు లేవని రాసి, కీటకాల పొడితో చేసిన బిస్కెట్ చేతిలోకి తీసుకున్నాక, పీతలు తింటే తన పెదవులు వాస్తాయని మాటల సందర్భంలో చెప్పారు. అది నిర్లక్ష్యం కాదు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, అంతే. అప్పటి నుంచి మేము రొయ్యలు, పీతలు అని పేరుపేరునా అడుగుతున్నాం. రొయ్యలు పడనివారందరికీ కీటకాలు పడవని కాదు, కానీ ఎవరికి పడవో ఇంట్లో చిటికెడు నాలుక మీద వేసుకొని తేల్చుకోకూడదు. ఆ పని అలర్జీ వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

అపోహ: మనకు తెలియకుండా గోధుమపిండిలో కీటకాల పొడి కలుపుతున్నారు.

వాస్తవం: విశ్వాసం వల్లనో, శాకాహార నియమం వల్లనో కలవరపడేవారి ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని అదనుగా తీసుకొని సందేశాలు తిప్పేవారి మీద నాకు ఓపిక లేదు. కీటకాల పొడి గోధుమపిండి కంటే ఎన్నో రెట్లు ఖరీదైనది. ఖరీదైన దాన్ని చవకైన దానిలో దొంగచాటుగా కలిపి లాభపడే వ్యాపారి ఎవరు? ఐరోపా నిబంధనల ప్రకారం కీటకం పేరు పదార్థాల జాబితాలో ఉండి తీరాలి.

అపోహ: పొలంలో పట్టిన మిడతలు సహజమైనవి కనుక సురక్షితం.

వాస్తవం: అవి పురుగుమందు చల్లిన పైరు తిని ఉండవచ్చు.

అపోహ: ప్యాకెట్ మీది ప్రోటీన్ శాతమే అసలు లెక్క.

వాస్తవం: ఆహారంలోని నత్రజనిని కొలిచి, 6.25తో గుణించి ప్రోటీన్‌ను అంచనా వేసే మామూలు పద్ధతిలో, కీటకాల పైపెంకులో ఉండే, ప్రోటీన్ కాని కైటిన్ అనే పదార్థంలోని నత్రజని కూడా ప్రోటీన్ ఖాతాలో పడి అంకె పెరుగుతుంది.

అపోహ: చెత్త వేసి పెంచినా కీటకాలు ప్రోటీన్‌గా మార్చేస్తాయి.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదిక ప్రకారం కిలో కీచురాళ్లకు సుమారు 1.7 కిలోల మేత చాలు, కానీ ఆ మేత మంచిదై ఉండాలి. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, అంతగా శుద్ధి చేయని ఆహార వ్యర్థాలు పెట్టిన కీచురాళ్లు దాదాపు అన్నీ ఎదగకముందే చనిపోయాయి; కోడి దాణా పెట్టినవి మేతను ప్రోటీన్‌గా మార్చడంలో కోళ్లను పెద్దగా మించలేదు.