కోవిడ్ తగ్గాక మిగిలిన జబ్బులు, ప్రభుత్వ బాధ్యత: అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా ఓపీ చూస్తూ తరచుగా వినే మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: కోవిడ్ నుంచి కోలుకున్నవారిని ప్రభుత్వం పూర్తిగా గాలికి వదిలేసింది.

వాస్తవం: డిశ్చార్జి అయిన 7 రోజుల్లోపు రోగిని నేరుగానో ఫోన్‌లోనో పలకరించి పరిస్థితి తెలుసుకోవాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 సెప్టెంబరులోనే సూచించింది, 2021లో గుండె, ఊపిరితిత్తులు, నరాల వంటి వాటికి విడివిడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నా దృష్టిలో లోపం జరిగింది రోగుల లెక్కల దగ్గర. 2021 మేలో బ్లాక్ ఫంగస్‌ను 1897 నాటి అంటువ్యాధుల చట్టం పరిధిలోకి తెచ్చి, ప్రతి కేసునూ తప్పనిసరిగా తెలియజేయాలన్నారు. కేసుల సంఖ్య చేతిలో ఉంది కనుకనే కేంద్రం దాని చికిత్సకు వాడే ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లను రాష్ట్రాలకు ఆ ప్రకారం పంచగలిగింది, మన రాష్ట్రం ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. కానీ కోవిడ్ తగ్గాక నెలల తరబడి వదలని నీరసం, నాలుగు మెట్లెక్కితే వచ్చే ఆయాసం ఓపీ చీటీ మీద మామూలు లక్షణాలుగానే మిగిలిపోయాయి. లెక్కకు రాని జబ్బుకు నిధులు అడగడం ఏ అధికారికైనా కష్టమే.

అపోహ: ఒకసారి కోవిడ్ వచ్చింది కనుక ఇప్పటి ఆయాసమూ దాని వల్లనే.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సాధారణంగా వ్యాధి మొదలైన 3 నెలలకు కనిపిస్తూ, కనీసం 2 నెలలు కొనసాగుతూ, మరే ఇతర కారణమూ తేలని లక్షణాలనే కోవిడ్ అనంతర సమస్యగా భావించాలి. ఈ చివరి షరతు మన జిల్లాలో చాలా ముఖ్యం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఏళ్ల తరబడి రాతి ధూళి పీల్చిన కార్మికుడికి సిలికోసిస్ (రాతి ధూళి వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు) ఉండవచ్చు, దానికి తోడు టీబీ కూడా సోకవచ్చు. ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించకుండా నెపం కోవిడ్ మీదకు నెడితే అసలు జబ్బు ముదిరిపోతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే కనిగిరి వైపు నుంచి నీరసమంటూ వచ్చినవారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూడకుండా నేను ఏ పేరూ పెట్టను.

అపోహ: దీర్ఘకాలం బాధపడుతున్నవారికి 50,000 రూపాయల పరిహారం వస్తుంది.

వాస్తవం: సుప్రీంకోర్టు 2021 ఆదేశాల తరువాత నిర్ణయించిన ఆ మొత్తం కోవిడ్‌తో మరణించినవారి కుటుంబాలకు మాత్రమే. దళారుల మాట నమ్మి డబ్బు ఇవ్వకండి.

అపోహ: అప్పట్లో పరీక్ష చేయించుకోలేదు కనుక డాక్టరుకు చెప్పినా ప్రయోజనం లేదు.

వాస్తవం: కోవిడ్ సోకినట్టు నిర్ధారణ కాకపోయినా, సోకి ఉండే అవకాశం బలంగా ఉంటే చాలునని పై నిర్వచనమే చెబుతోంది. అప్పటి డిశ్చార్జి కాగితం, వాడిన స్టెరాయిడ్ల చీటీ దొరికితే వెంట తీసుకురండి. దొరక్కపోతే జ్వరం వచ్చిన నెల, అప్పట్లో ఇంట్లో ఇంకెవరికి వచ్చిందో చెప్పినా మాకు ఉపయోగపడుతుంది.