మౌన రాగంలో ఏడాది గడువు: ఆ చట్టం వెనక కథ

మణిరత్నం తమిళంలో తీసిన ‘మౌన రాగం’ 1986 ఆగస్టు 15న విడుదలైంది. తెలుగులోకి డబ్ అయి, అదే పేరుతో మనకూ దగ్గరైంది. ఇళయరాజా పాటలు, పి.సి.శ్రీరామ్ కెమెరా, కార్తీక్ అల్లరి గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటాం. కథకు వెన్నెముకలాంటి చట్టం సెక్షన్‌ను మాత్రం పెద్దగా పట్టించుకోం.

తండ్రికి గుండెపోటు రావడంతో దివ్య (రేవతి) ఇష్టంలేని పెళ్లికి తలవంచి, ఢిల్లీలో కాపురానికి వెళ్తుంది. ఏం కావాలో చెప్పు, కొనిస్తానని భర్త చంద్రకుమార్ (మోహన్) అడిగితే, విడాకులు కావాలంటుంది. మీరు తాకితే గొంగళిపురుగు పాకినట్టుంటుందని మొహం మీదే చెప్పేస్తుంది. అతను రెట్టించడు, విడాకుల కాగితాలు సిద్ధం చేయిస్తాడు. ఇద్దరూ ఒప్పుకున్నా పని కాదు. పెళ్లయి ఏడాది నిండాలి, అప్పటిదాకా ఆగాల్సిందే.

అది కథ కోసం అల్లింది కాదు, హిందూ వివాహ చట్టంలోని 14వ సెక్షన్. దాని వెనక చాలా పెనుగులాట ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసులో కలిసి ఉన్న రోజుల్లోనే, 1949లో, అక్కడ హిందువులకు రెండో పెళ్లిని నిషేధించి విడాకులకు దారిచ్చిన చట్టం వచ్చింది. దేశమంతటికీ అలాంటి హక్కు రావాలని అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు కోసం పట్టుబట్టారు. అది ముందుకు సాగకపోవడంతో 1951లో మంత్రి పదవినే వదులుకున్నారు. చివరికి 1955 మే 18న హిందూ వివాహ చట్టం అమల్లోకి వచ్చింది.

అయితే ఆ చట్టం ప్రకారం విడాకులు కావాలంటే అవతలివారి తప్పు చూపాలి. వ్యభిచారమో, మతం మారడమో, నయంకాని మతిభ్రమణమో ఉండాలి. క్రూరత్వం ఉన్నా విడిగా ఉండే హక్కే తప్ప విడాకులు లేవు. పైగా పెళ్లయిన మూడేళ్ల దాకా కోర్టు గడప తొక్కకూడదు. చంద్రకుమార్‌లాంటి మంచి భర్త మీద దివ్య ఏ నేరం మోపగలదు? పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో ఉంది కానీ, తాళి కట్టించుకుని హిందూ చట్టం కింద కాపురం చేస్తున్నవాళ్లకు అది అక్కరకు రాలేదు.

1976 సవరణతో ఆ ముడి వీడింది. పరస్పర అంగీకారంతో విడాకులిచ్చే 13బి సెక్షన్ చేరింది, మూడేళ్ల గడువు ఏడాదికి తగ్గింది, క్రూరత్వం కూడా విడాకులకు కారణమైంది. అంటే ఈ కథ 1975లో జరిగి ఉంటే నడిచేదే కాదు. ఎవరి తప్పూ లేకుండా విడిపోదామనుకునే ఇద్దరికి అప్పట్లో చోటు లేదు.

13బి కింద పిటిషన్ వేయాలంటే ఏడాదిగా విడిగా ఉండాలి. మరి వీళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు కదా? సినిమా వచ్చిన ఐదేళ్లకు, 1991లో, సురేష్టాదేవి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా ఉండకపోతే విడిగా ఉన్నట్టేనంది. తీర్పు వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చనీ చెప్పింది. రైల్లో దివ్య కాగితాలు చింపేసే ఘట్టం చట్టం లెక్కలోనూ సరిగ్గా సరిపోతుంది!

ఒక ఏడాది ఓపిక పడితే అన్నీ సర్దుకుంటాయని ఈ సినిమాను సాక్ష్యం చూపించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దివ్య మనసు మార్చింది గడువు కాదు, ఆ గడువులో చంద్రకుమార్ ప్రవర్తన. ఆమె వద్దన్నాక అతను ఒక్క అడుగు కూడా మీదికి రాలేదు. అలాంటి మనిషి లేని ఇంట్లో అదే ఏడాది నరకం.

కోర్టులకూ ఇది క్రమంగా అర్థమైంది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నిబంధనను తగిన కారణముంటే పక్కన పెట్టవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కలవలేనంతగా చెడిన కాపురాన్ని, పూర్తి న్యాయం చేసేందుకు రాజ్యాంగం తనకిచ్చిన 142వ అధికరణం కింద తానే రద్దు చేయగలనని 2023లో రాజ్యాంగ ధర్మాసనం ప్రకటించింది. 14వ సెక్షన్‌లోని ఏడాది గడువు మాత్రం అలాగే ఉంది. అసాధారణమైన కష్టమో, అవతలివారి ఘోరమైన దుర్మార్గమో చూపితేనే కోర్టు ముందుగా అనుమతిస్తుంది.