రింగు తిప్పితే తెలిసే తేడా

గంగమ్మ జాతర రోజుల్లో తిరుపతి వీధుల్లో ఈమధ్య ఒకటి గమనిస్తున్నాను. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకు నలభై యాభై ఏళ్ల నాటి నికాన్, ఒలింపస్ లెన్సులు తగిలించుకుని తిరిగే కుర్రాళ్లు కనబడుతున్నారు. "కొత్తదాని ఫోకస్ రింగు తిప్పితే ఏమీ తెలీదన్నా, పాతది చేతికి తెలుస్తుంది" అన్నాడు వాళ్లలో ఒకడు. నిజమే. కానీ పాతకాలం పనితనం పోయినందువల్లే ఇలా అయిందనుకుంటే పొరపాటు. అసలు కారణం లెన్సును తనంతట తానే ఫోకస్ చేసే ఆటోఫోకస్ మోటారు.

1959లో నికాన్ ఎఫ్ వచ్చాక ఇరవై ఐదేళ్లకు పైగా ఇలా లెన్సులు మార్చుకునే కెమెరాల్లో ఫోకస్ అంటే కన్నూ వేళ్లూ చేసే పనే. లెన్సు లోపల ఒకదాంట్లో ఒకటి తిరిగే మరలున్న గొట్టాలు, వాటి మధ్య చిక్కటి గ్రీజు. చాలా లెన్సుల్లో ఒక గొట్టం ఇత్తడి, ఇంకోటి అల్యూమినియం. రెండూ ఒకే లోహమైతే రాసుకుని పట్టేసే ప్రమాదం ఉంది. చేతికి తెలిసే ఆ మెత్తని బిగువు గ్రీజుదే. రింగు చాలా దూరం తిరిగేలా చేశారు కాబట్టి వెంట్రుకవాసి సవరణ కూడా వేళ్లకు అందేది.

వాడుకలో మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో దారి. నికాన్ రింగు తిరిగే వైపుకు కానన్ రింగు ఎదురు తిరుగుతుంది. 1972లో వచ్చిన ఒలింపస్ చిన్న కెమెరాకు అపర్చర్ (వెలుతురు దూరే రంధ్రం) రింగు చాలా లెన్సుల్లో ముందు అంచున ఉంటుంది. నికాన్‌కు బాడీ పక్కన. రెండూ కలిపి వాడితే మొదటి వారం చెయ్యి తడబడుతుంది.

లెన్సుల తయారీలో పొదుపు మాత్రం మోటారుకంటే ముందే మొదలైంది. 1979లో నికాన్ ‘సిరీస్ ఈ’ అనే చౌక రకం లెన్సులు తెచ్చింది, అదే ఏడాది కానన్ తన ఎఫ్‌డీ లెన్సులను తేలిక చేసింది. నా లెక్కలో అది తప్పేమీ కాదు. ‘సిరీస్ ఈ’ 50 ఎంఎంలో ప్లాస్టిక్ ఉన్నా బొమ్మ బాగా వస్తుంది, మే ఎండలో మూడు గంటలు మెడలో మోసేవాడికి ఆ తేలిక వరం.

1985లో ఆటోఫోకస్ మోటారును బాడీలోనే పెట్టిన మినోల్టా 7000 కెమెరాతో కథ మారింది. చిన్న మోటారు గబగబా తిప్పాలంటే రింగు తేలికగా, కొద్ది దూరమే తిరగాలి. బిగువు పోయి ప్లే, అంటే వదులు, వచ్చింది. 1987లో కానన్ బాడీకి లెన్సు బిగించే మౌంటే మార్చేసింది. పాత ఎఫ్‌డీ లెన్సు మౌంటు నుంచి ఫిల్ము దాకా 42 మి.మీ. దూరానికి చేసింది, కొత్త బాడీలో అది 44. మధ్యలో అదనపు గాజు లేకుండా ఇన్ఫినిటీ, అంటే బాగా దూరంలో ఉన్నవాటి ఫోకస్, అందదు. మంచి లెన్సులెన్నో బీరువాల్లో ఉండిపోయాయి.

వాటిని బయటికి తెచ్చింది అద్దం తీసేసిన కెమెరాలే. 2010లో వచ్చిన సోనీ నెక్స్‌లో ఆ దూరం 18 మి.మీ. మిగతా ఖాళీని ఒక ఉత్త గొట్టం అడాప్టరు నింపేస్తుంది. తెరమీద పెద్దది చేసి చూడొచ్చు కాబట్టి ఫోకస్ కూడా సులువైంది.

జాతరలో ఈ పాత లెన్సుల విలువ నాకు బాగా తెలుసు. ఒళ్లంతా బొగ్గు పూసుకునే ‘తోటి’ అనే జాతర వేషం ఎదురొస్తే ఆటోఫోకస్ తడుముకుంటుంది. 28 ఎంఎం లెన్సులో అపర్చర్ ఎఫ్/8 పెట్టి, లెన్సుమీది దూరాల స్కేలు చూసి 3 మీటర్ల దగ్గర ఆపితే, ఒకటిన్నర మీటరు అవతల నుంచి 30 మీటర్ల దాకా పాత ఫిల్ము సైజు సెన్సారున్న ఫుల్‌ఫ్రేమ్‌లో స్పష్టంగానే పడుతుంది. కొత్త లెన్సుల్లో చాలావాటికి ఆ స్కేలే లేదు.

పాతది కొనేటప్పుడు రింగు బిగువుతో మురిసిపోయి ఊరుకోవద్దు. మన ఎండలకు గ్రీజులోని నూనె విడిపోయి అపర్చర్ రెక్కలమీదికి పాకుతుంది, అవి బద్ధకంగా మూసుకుంటాయి. అక్టోబరు, నవంబరు వానల తేమకు గాజుమీద ఫంగస్ అల్లుకుంటుంది. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి చూస్తే ఆ దారాలు కనబడతాయి.